పటం వెనుక పేర్లు

మేకులు అయిపోవచ్చాయి. శాంతయ్య పళ్ళ మధ్య పట్టుకున్న ఆఖరి మేకును తీసి, పెట్టె మూత మూలన నిలబెట్టి, రెండే దెబ్బల్లో దించేశాడు. మూత మీద సున్నంతో అంకె వేశాడు. ముప్పై ఒకటి. ఇంకా రెండు బీరువాల కాగితాలు గుడారంలో ఒక మూల అట్లాగే ఉన్నాయి.

మూడేళ్ళ కిందట కర్నూలు రాజధాని అయినప్పుడు ఈ మైదానంలో గుంజలు పాతి తాళ్ళు బిగించినవాళ్ళలో శాంతయ్య ఒకడు. ఇంకో వారంలో రాజధాని హైదరాబాదుకు పోతుంది. విప్పేవాళ్ళలోనూ అతనే ఉన్నాడు. ఊరినిండా లారీలు. వానకు నానిన దారుల్లో చక్రాలు దిగబడితే గుమాస్తాలు కూడా పంచెలు ఎగగట్టి తోస్తున్నారు. అతను పనిచేసే ప్రదర్శనల ఆఫీసు చాలా చిన్నది. ఒక ఆఫీసరు, హెడ్‌గుమాస్తా రామకృష్ణ, ముగ్గురు గుమాస్తాలు, ఇద్దరు బంట్రోతులు. బంట్రోతుల్లో ఒక్కణ్ణే హైదరాబాదుకు తీసుకుపోతారు. రెండోవాడికి ఈ నెలాఖరుతో సరి. "నీ పేరే రాసినాలేప్పా, అయ్యగారి సంతకం ఒకటే తక్కువ" అని రామకృష్ణ చెప్పిన రోజు నుంచి, శాంతయ్య భార్య ప్రేమమ్మ ఇంట్లో ఏది మోసుకుపోవాలో, ఏది ఇరుగుపొరుగుకు ఇచ్చేయాలో తేల్చుకుంటూనే ఉంది.

"శాంతయ్య అంటే నువ్వే గదా నాయనా?"

గుడారం వాకిలి గుడ్డ పక్కన ఒక ముసలామె నిలబడి ఉంది. పొడుగు మనిషి, సన్నం. చీర కుచ్చిళ్ళకు జానెడు ఎత్తున బురద. పెద్ద నగలు మోసి మోసి సాగిన చెవుల తూట్లు ఉన్నాయిగానీ నగలు లేవు. శాంతయ్య ముఖం కంటే ముందు ఆ గొంతును గుర్తుపట్టాడు. మెల్లగా మాట్లాడినా దూరందాకా పోయే గొంతు.

"కమలాపురం సుబ్బరత్నమ్మను. పటానికి వచ్చినా."

సుత్తి అతని చేతిలోనే ఉండిపోయింది.

రెండేళ్ళ కిందట, పాత చిత్రాలతో ప్రదర్శన పెడతామని ఆఫీసరు అతన్ని కమలాపురం పంపాడు. అతనిది ఆ పక్క పల్లెనే. సుబ్బరత్నమ్మ ముందు ఇయ్యనంది. తర్వాత ఇంట్లోకి పోయి మజ్జిగ తెచ్చి, ఎత్తి దోసిట్లో పొయ్యకుండా చెంబు అతని చేతికే ఇచ్చింది. ఆ ఊళ్ళో అతని చేతికి చెంబు ఇచ్చిన ఇల్లు అదొక్కటే. "సర్కారును నమ్మి కాదు, నీ మొగం జూసి ఇస్తాండా" అని పాత పట్టుగుడ్డలో చుట్టిన పటాన్ని అతని ఒళ్ళో పెట్టింది. నెలలో తెచ్చిస్తానని అతను మాట ఇచ్చాడు.

రామకృష్ణ ఆమె చూపించిన రసీదును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పెట్టెలన్నీ బిగించేసినామమ్మా. యాడుందో ఏమో. రేపు రా, చూస్తాం" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ శాంతయ్య వైపు చూడలేదు.

"రేపంటే కుదరదప్పా. సోమవారం మా తాలూకాఫీసులో విచారణ ఉండాది" అంది సుబ్బరత్నమ్మ.

"పటానికీ విచారణకూ ఏం సంబంధం?"

ఆమె శాంతయ్య వైపు తిరిగి చెప్పింది, అతనైతే అర్థం చేసుకుంటాడన్నట్టు. "మా ఆడోళ్ళకు గుడి సేవకు ఇచ్చిన చేను రెండెకరాలు ఉండాది నాయనా. మా ఊరి పుల్లయ్య నాలుగేండ్ల నుంచీ దున్నుకుంటాండాడు. మీరు ఆ వంశమే కాదు పొమ్మంటాడు. చేను మాదని రాసిన రాగిరేకు గుడిలో ఉన్న్యది ఏమైందో దేవునికెరుక. ఇంక మాకుండేది పటం ఒగటే. పటం ఎవురి చేతికొస్తే వాళ్ళు దాని వెనకాల పేరు రాసుకొనేది మా ఇంటి ఆచారం. నాతో ఏడుగురం. తల్లి పేరు కింద కూతురు పేరు. పటం తెస్తే చూస్తామన్న్యారు ఆఫీసులో."

"రేపు రా" అన్నాడు రామకృష్ణ మళ్ళీ.

పటం ఎక్కడుందో శాంతయ్యకు తెలుసు. ఆఫీసరు అద్దెకుంటున్న బంగళాలో, ముందుగదిలో, రేడియో పైన ఉంది. గోడకు మేకు కొట్టింది అతనే. రోజూ పొద్దున తుడిచేదీ అతనే.

*

మర్నాడు పొద్దున బంగళాలో తుడిచేటప్పుడు శాంతయ్య పటాన్ని మేకు నుంచి కొంచెం ఎత్తి వెనక్కి తొంగి చూశాడు. ఆఫీసరు కట్టించిన చట్రం వెనుక మందమైన అట్ట, దాని చుట్టూ అంటించిన గోధుమరంగు కాగితం. పేర్లు ఏమీ లేవు. మళ్ళీ తగిలించి, అద్దం మీద పడిన తన వేలిముద్రను తుడిచేశాడు.

అతను గుడారానికి వచ్చేసరికి సుబ్బరత్నమ్మ వాకిట్లో ఉంది. రాత్రి సత్రంలో పడుకుందట. కూర్చోమని తన ముక్కాలిపీట ఇచ్చాడు. బంట్రోతు పీట మీద ఎవరు కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు, ఆ రోజుల్లో ఎవరి హడావిడి వాళ్ళది. అతను ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని కాగితాల కట్టలు కట్టసాగాడు. ఒక కట్ట, దారం రెండు చుట్లు, మోకాలితో అదిమి ముడి.

"ఆ పటంలో ఏముందమ్మా?" అన్నాడు చివరికి. "ఒగాయన వీణ పట్టుకోని కూచున్న్యాడు. నడుమ ఎర్ర తెర. అవతల ఒగ యమ్మి. అంతే గదా."

"అంతే." సుబ్బరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన పేదోడు. రాజు బిడ్డకు వీణ నేర్పను వచ్చినాడు. బిడ్డ మొగం పరాయి మొగోడు చూడకూడదని రాజు నడుమ తెర కట్టించినాడు. ఆయన ఇవతల వాయించాల, ఆ పిల్ల అవతల వాయించాల. మూడేండ్లు అట్లనే. ఒగరి మొగం ఒగరు ఎరగరు. ఆ పిల్ల పాటంతా సక్కగా వాయించి, ఒగ తావున మాత్రం తప్పు పలికిస్తాది. రోజూ ఆడనే. ఆయన ఆ తావు మళ్ళా వాయించి చూపిస్తాడు. మళ్ళా తప్పుతాది."

"ఆ యమ్మికి రాదా?"

"రాక కాదు నాయనా. తప్పు వాయిస్తేనే గదా ఆయన ఇంగోసారి వాయించేది."

శాంతయ్య దారం కొస చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"ఆయనకు తెలిసిందా ఆ సంగతి?"

"పటంలో ఆయన నగుతాండాడు, చూల్లేదా నువ్వు?"

చూశాడు. రెండేళ్ళుగా రోజూ చూస్తూనే ఉన్నాడు. ఎందుకు నవ్వుతున్నాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"తరవాత ఏమాయ?"

"ఏమయితాది? రాజుకు తెలిసిపోయింది. వీణ మీటే వేలు తెగ్గోయించి ఊరు దాటించినాడు. ఆ పిల్లకు ఎవురితోనో పెండ్లి చేసినారు. అత్తగారింట్లో గూడా ఆ తావు వస్తే తప్పే వాయించేదంట, సచ్చేదాకా. ఆ ఇంట్లో అందరూ దీనికి సంగీతం సరిగా రాదనుకున్న్యారు." సుబ్బరత్నమ్మ చిన్నగా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపేసింది. "మా అమ్మ చెప్పింది నాకు ఈ కత. నేను ఎవురికీ చెప్పలే. నా కడుపున ఎవురూ పుట్టలే."

లోపలి నుంచి గంట మోగింది.

ఆఫీసరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, మెత్తని మనిషి. బంట్రోతుల మీద ఎన్నడూ గొంతు ఎత్తి ఎరగడు. బల్లమీద టైపు చేసిన కాగితం ఒకటి, దాని పక్కన ఇంకు పాడు, కలం ఉన్నాయి. రామకృష్ణ కిటికీ గుడ్డ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు.

"శాంతయ్యా, ఆ పటం మనం తెచ్చిన ఏడాదే చెదలు తినేశాయని రాశాం. దాన్ని తెచ్చినవాడివి నువ్వే కాబట్టి కింద నీ సంతకం కావాలి" అన్నాడు ఆఫీసరు.

శాంతయ్య కాగితం వైపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు.

"ఆ పల్లెలో పొగచూరి పోయేది అది. వాళ్ళకు దాని విలువ తెలీదు. పొయ్యి పక్కన పెట్టుకుంటారు. నా దగ్గరుంటే ఇంకో వందేళ్ళు బతుకుతుంది" అన్నాడు ఆఫీసరు. ఆ మాట అబద్ధంగా అనలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకముందే ఆయన పటం ముందు నిలబడటం శాంతయ్య ఎరుగును. "వాళ్ళింట్లోనే ఉంటే ఈపాటికి నిజంగానే చెదలు తినేవి కదా. అట్లా అనుకో."

"అయ్యా, ఆయమ్మకు విచారణ..."

"హైదరాబాదు జాబితా కూడా ఇవాళే పంపుతున్నాను" అన్నాడు ఆఫీసరు, అంతే మెత్తగా.

చిన్నప్పుడు మిషను బడిలో వేళ్ళు మడిచి పది ఆజ్ఞలు అప్పజెప్పేవాడు శాంతయ్య. ఎడమచేతి ఉంగరపు వేలి దగ్గరికి వచ్చేది తొమ్మిదోది, దొంగసాక్ష్యం సంగతి. కలం పట్టుకున్నప్పుడు ఆ వేలు కాగితాన్ని కదలకుండా అదిమి పట్టుకుని ఉంది. మూడక్షరాల తన పేరు రాశాడు. తెలుగులోనే రాశాడు.

బయటికి వచ్చేసరికి సుబ్బరత్నమ్మ పీట మీద నుంచి లేచి నిలబడింది.

"దొరికిందా?"

"చెదలు తిన్న్యాయంటమ్మా" అన్నాడు శాంతయ్య నేల చూస్తూ.

ఆమె "ఎవురో చెప్పింది వద్దు నాకు. నువ్వు జూసినావా?" అని అడిగింది.

"జూసినా."

"పేర్లు గూడా పోయినాయా?"

"పోయినాయి."

సుబ్బరత్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. రసీదును నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. "నువ్వేం చేస్తావులే నాయనా" అని, గొడుగు ఊతంగా పట్టుకుని, లారీల చక్రాలు చేసిన గాడులు తప్పించుకుంటూ నడిచిపోయింది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని శాంతయ్యకు అనిపించింది. కట్ట ముందు కూర్చున్నాడు. దారం ముడి రెండుసార్లు జారిపోయింది.

*

శనివారం పొద్దున బంగళా సామాను కట్టడం. మంచాలు విప్పి పట్టెలు ఒకచోట, మంచంకోళ్ళు ఒకచోట కట్టాడు. పింగాణీ కప్పులకు వరిగడ్డి చుట్టి పెట్టెలో పేర్చాడు. ముందుగదిలో రేడియో దింపాక గోడమీద పటం ఒక్కటే మిగిలింది.

"అది జాగ్రత్త" అంది ఆఫీసరు భార్య లోపలి నుంచి. "గోనెగుడ్డ చుట్టి పరుపుల మధ్య పెట్టు. అద్దం పగిలితే ఆయన నన్ను చంపేస్తారు."

శాంతయ్య పటం దించాడు. గోడమీద అది ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉంది. వీణాయన వంచిన తల ఎత్తకుండా తెర వైపు నవ్వుతున్నాడు. అవతల పిల్ల తీగ మీద నుంచి వేలు అప్పుడే ఎత్తింది. తప్పు పలికించిన చెయ్యి అది. ముఖం మాత్రం ఏమీ ఎరగనట్టు పెట్టుకుంది. శాంతయ్య గడ్డి పరిచి, గోనెగుడ్డ చుట్టి, పురికొసతో నాలుగువైపులా కట్టాడు. పరుపుల దాకా పోయాడు. పరుపు ఎత్తాడు. మళ్ళీ దించేశాడు.

తర్వాత మూటను చంకలో పెట్టుకుని ముందువాకిలి గుండానే బయటికి నడిచాడు. లారీ డ్రైవరు బీడీ ముట్టించుకుంటూ అతనికి దారి ఇచ్చాడు. గేటు దగ్గర ఉన్న జవాను పలకరించాడు కూడా. బంట్రోతు చంకలో మూట ఉంటే ఎవరూ అడగరు. అడగరని ఇన్నేళ్ళలో అతనికి మొదటిసారి తెలిసింది.

కడప బస్సు ఎప్పుడో పోయుంటుందనే అనుకున్నాడు. పరుగు నడకన బస్‌స్టాండుకు చేరేసరికి అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. రాజధాని సామాను మొయ్యడానికి బస్సులు కూడా తీసుకున్నారట. నిన్నటి నుంచీ కడపకు ఒక్క బస్సే కదిలిందట. సుబ్బరత్నమ్మ గోడవారన గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. అతను ఆమె ముందు గొంతుక్కూర్చుని మూటను ఒళ్ళో పెట్టాడు.

"చెదలు తిన్లేదమ్మా. నేను నీకు అబద్ధం చెప్పినా. సంతకం గూడా పెట్టినా."

ఆమె గోనె మీద నుంచే చట్రం అంచులు తడిమి చూసింది. తర్వాత అతని ముఖం చూసింది. చెంప మీద కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"యాడన్నా ఇంట్లోకి పోదాం పా నాయనా" అంది. "ఈడ ఇప్పితే అందరూ చూస్తారు."

*

హంద్రీ ఒడ్డున, నడుమ ఒకే గుంజ మీద నిలిచిన ఒంటి నిట్టాడు కొట్టం శాంతయ్యది. వాకిట్లో ప్రేమమ్మ పాత కాగితాలతో అంగళ్ళకు పొట్లాలు అంటిస్తూ ఉంది. హైదరాబాదు పోయేలోగా ఒప్పుకున్నవి ఇచ్చేయాలని తొందరలో ఉంది. మొగుడి వెంట వచ్చిన ముసలామెను, చంకలోని మూటను చూసి మైదా బంక చేతులు అట్లాగే పట్టుకుని లేచింది. శాంతయ్య జరిగిందంతా చెప్పాడు. వినడం అయ్యాక ఆమె లోపలికి పోయి, కట్టి పెట్టిన మూటల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

శాంతయ్య చట్రం మేకులు ఊడబెరికాడు. గోధుమరంగు కాగితం చించాడు. అద్దం తీసి పక్కన పెట్టి పటాన్ని వెనక్కి తిప్పాడు. అట్ట. అట్టను కత్తి మొనతో ఎత్తబోతే కదలలేదు. ముడతలు పడకుండా ఉండాలని చట్రం కట్టినవాడు పటం వెనుకంతా బంక పూసి అట్టకు అంటించేశాడు.

సుబ్బరత్నమ్మ అట్ట మీద చెయ్యి పెట్టింది. "దీని కిందనే ఉండాయి" అంది.

శాంతయ్య మూల దగ్గర ఇంకొంచెం బలంగా కత్తి దూర్చాడు. పటం అంచు గోరంత చిరిగి అట్టతోపాటు వచ్చింది. అతను కత్తి కింద పడేశాడు.

అప్పుడే వాకిట్లో సైకిలు ఆగింది. రామకృష్ణ. ప్రేమమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది. శాంతయ్య బయటికి వచ్చాడు.

రామకృష్ణ సైకిలు దిగలేదు, ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. "పటం అప్పా" అన్నాడు.

"ఏ పటం సార్?"

"నీకు తెలుసు ఏ పటమో. అయ్యగారు ఇల్లంతా వెతికిస్తాండాడు. ఇచ్చేసెయ్, ఎవురికీ చెప్పకుండా పోతా."

"పోలీసు కంప్లయింటు ఇమ్మనండి సార్" అన్నాడు శాంతయ్య. "పటాన్ని చెదలు తిన్న్యాయని అయ్యగారే రాసినాడు. నేను గూడా సంతకం పెట్టినా."

రామకృష్ణ సైకిలు గంటను చేత్తో తిప్పాడు. మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. "జాబితా నిన్న పోలేదు, ఇంకా నాతానే ఉండాది" అన్నాడు మెల్లగా. "మద్దేన్నం పోతాది. ఉన్న పేరు కొట్టేయడానికి గీత చాలు. సంసారం ఉన్నోనివి, ఆలోచన చెయ్."

శాంతయ్య వాకిట్లోంచి కదల్లేదు. రామకృష్ణ ఇంకొంచెంసేపు చూసి సైకిలు తిప్పుకున్నాడు. పోతూ పోతూ, "కొట్టేది నేనే గదప్పా, నా చేత్తోనే" అన్నాడు. అది బెదిరింపో బాధో శాంతయ్యకు తెలియలేదు.

లోపల ప్రేమమ్మ అంతా విన్నది. కట్టిన మూటలకేసి చూస్తూ నిలబడింది. "చర్చిలో అందరికీ చెప్పుకున్న్యా, హైదరాబాదు పోతాండామని" అంది. అంతే. తర్వాత పటం దగ్గర కూర్చుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, చిరిగిన మూలన అట్టకు నాలుక ఆనించింది.

"వడ్రంగోళ్ళ వజ్రం బంక కాదు, మైదానే" అంది. "వజ్రమైతే ఏం జేసినా ఇడవదు. మైదా గోరెచ్చటి నీళ్ళకు ఇడుస్తాది."

పొయ్యి ముట్టించింది. తడిగుడ్డ పిండి అట్ట మీద పరిచి ఒత్తింది. ఆరగానే మళ్ళీ తడిపింది. అట్ట పైపొరలు నానిన రొట్టెలాగా ఉండలు ఉండలుగా లేచాయి. కింది పొరలు కదలలేదు. శాంతయ్య పటాన్ని కొంచెం ఎత్తి ముందువైపు చూశాడు. తడి ఇవతలికి దిగింది. తెర ఎరుపు చెమట పట్టినట్టు బొట్లు బొట్లుగా లేస్తోంది.

"ఆపు ప్రేమమ్మా. రంగు పోతాండాది."

ప్రేమమ్మ చెయ్యి ఆపింది. ముగ్గురూ పటం చుట్టూ కూర్చున్నారు. ఇట్లాగే ఆరబెడితే బొమ్మ చాలావరకు నిలుస్తుంది. పేర్లు మాత్రం అట్ట కిందే ఉండిపోతాయి. ఎప్పటికి తియ్యగలరో, ఎవరు తియ్యగలరో తెలియదు. సోమవారానికి ఒక్క రోజే ఉంది.

సుబ్బరత్నమ్మ పటాన్ని తన వైపు తిప్పుకుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ముందు వీణాయనను, తర్వాత తెర అవతలి పిల్లను చూసింది. పిల్ల చేతి మీద బొటనవేలు ఆనించి, ఆనించీ ఆనించనట్టు తీసేసింది.

"మీ ఇంట్లో వెడల్పు పళ్ళెం ఉండాదా తల్లీ?" అంది.

ప్రేమమ్మ శాంతయ్య ముఖం చూసింది. మూటల్లో ఒకటి విప్పింది. హైదరాబాదుకని సర్ది పెట్టిన సత్తు తాంబాళం బయటికి తీసి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ముసలామె ముందు పెట్టింది.

సుబ్బరత్నమ్మ పటాన్ని రెండుచేతులా పట్టుకుని, బొమ్మ పైకి వచ్చేట్టు నీళ్ళలోకి దించింది. ఒక క్షణం ఏమీ కాలేదు. రంగులు ఇంకా కాంతిగా, అప్పుడే వేసినట్టు కనబడ్డాయి. తర్వాత తెర కరిగింది. ఎరుపు తాంబూలం ఉమ్మినట్టు నీళ్ళలోకి పాకి, ముందు పిల్ల ముఖం మీదికి, ఆ తర్వాత ఆయన నవ్వు మీదికి కమ్ముకుంది. వీణ ఇంకొంచెంసేపు నిలిచింది. శాంతయ్య తల తిప్పుకున్నాడు. సుబ్బరత్నమ్మ తిప్పుకోలేదు. నీళ్ళు కదలకుండా తాంబాళం అంచులు పట్టుకుని, చివరిదాకా చూస్తూ కూర్చుంది.

ప్రేమమ్మ వేళ్ళు అట్ట కిందికి పోనిచ్చి ఓపిగ్గా వెనక్కి ఒలిచింది. అరగంట పట్టింది. కాగితాన్ని పొట్లాల చెక్కమీద బోర్లా పరిచి, బంక జిగటను తడి వేలితో మెల్లగా తుడిచింది. దీపం మసితో చేసిన పాత సిరా. కాగితంలోకి ఇంకిపోయింది కాబట్టి నిలిచింది. రెండు పేర్లు సగం అలికిపోయాయి, మిగిలినవి చదివేట్టుగా ఉన్నాయి.

"చదువు నాయనా, నాకు కండ్లు ఆనడంలేదు" అంది సుబ్బరత్నమ్మ.

శాంతయ్య చదివాడు. అలికిపోయినచోట అతను ఆగితే ఆమె అందుకుంది.

*

సోమవారం కమలాపురం తాలూకాఫీసులో విచారణకు శాంతయ్య కూడా పోయాడు. పటం ఎట్లా పోయింది, ఎక్కడ వేలాడింది, తాను దేనికింద సంతకం పెట్టాడు, అన్నీ తహసీల్దారు ముందు చెప్పాడు. ఆయన తల ఎత్తకుండా విన్నాడు, వాటిలో ఒక్క ముక్కా రాయించలేదు. పుల్లయ్య బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, ఎర్ర మరకల కాగితాన్ని చూసి నవ్వాడు.

"సరే, ఆ కాగితం ఈడ దస్తరంలో పెట్టి పోమ్మా. నెల తర్వాత కబురు పెడతాం" అన్నాడు గుమాస్తా చెయ్యి చాపి.

సుబ్బరత్నమ్మ కాగితాన్ని రొమ్ముకు ఆనించుకుంది. "పెట్టను."

"పెట్టకపోతే సాక్ష్యం ఎట్లయితాది?"

"నేను చదువుతా. మీరు రాసుకోండి. చూసుకోవాలంటే నా చేతిలో ఉండంగనే చూసుకోండి."

గుమాస్తా తహసీల్దారు వైపు చూశాడు. ఆయనకు ఇంకా తొమ్మిది విచారణలు ఉన్నాయి. రాసుకోమని చెయ్యి ఊపాడు. శాంతయ్య అలవాటు కొద్దీ వాకిలి దగ్గర నిలబడి ఉన్నాడు. సుబ్బరత్నమ్మ వెనక్కి తిరిగి, "లోపలికి రా నాయనా, నా పక్కన నిలబడు, నాకు అచ్చరాలు ఆనవు" అని పిలిచింది. అతను పోయి ఆమె పక్కన కాగితానికి రెండోవైపు పట్టుకున్నాడు.

ఏడాది గడిచాక వచ్చిన ఆర్డరులో ఆ రెండెకరాల్లో ఒకటే ఆమెకు దక్కింది, అదీ గట్టు వైపుది. అప్పటికి శాంతయ్య కమలాపురం పక్కనే నాపరాళ్ళ గనిలో పలకలు తీసే పనిలో ఉన్నాడు. ప్రేమమ్మ మళ్ళీ పొట్లాలు అంటిస్తోంది. అదంతా తర్వాతి మాట. ఆ సోమవారం ఆ గదిలో ఆమె గొంతు వరండా దాకా వినబడింది.

"నాగసాని."

గుమాస్తా కలం ఆపాడు. "తండ్రి?"

"తరవాత పేరు చెప్తాండా, రాసుకో. వెంకటసాని, నాగసాని కూతురు."

"అమ్మా, తండ్రి పేరు లేకుండా..."

"తిమ్మసాని, వెంకటసాని కూతురు."

బెంచీ మీద పుల్లయ్య ఇంకోసారి నవ్వబోయి, ఎవరూ కలవకపోయేసరికి ఊరుకున్నాడు. గుమాస్తా రాస్తూ పోయాడు. పాపసాని. లక్ష్మీనరసు. కనకరత్నం. ఆఖరున, "సుబ్బరత్నం, కనకరత్నం కూతురు" అని చెప్పి ఆమె ఆగింది.

గుమాస్తా సిరాలో కలం ముంచాడు. "నీ తరవాత ఎవరమ్మా?"

ఆమె కాగితం వైపు చూసింది. తన పేరు కింద ఇంకో నలుగురు పేర్లు రాసుకునేంత చోటు ఉంది. బంక తడికి అక్కడ కాగితం కొంచెం ఉబ్బి ఉంది.

"గీత గియ్యి నాయనా" అంది.

గుమాస్తా రూళ్ళకర్ర తీసుకుని, తాను రాసిన కాగితంలో ఏడో పేరు కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీశాడు. సిరా ఆరేదాకా సుబ్బరత్నమ్మ అక్కడే నిలబడి చూసింది.